ఆకలి రోజుల కథలు: పాఠ్యపుస్తకాల్లో లేనివి మీకు తెలిస్తే చెప్పండి

#1 | గోదారి_టీచరమ్మ

అందరికీ నమస్కారం. నేను తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు తేదీలు, ఒప్పందాలు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటారు. ఆ రోజుల్లో మామూలు జనం ఏం తిన్నారని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. తప్పు వాళ్లది కాదు, పుస్తకంలో ఆ సంగతే లేదు. అందుకే ఈసారి మా గోడ పత్రికకు ఒకే అంశం పెట్టుకున్నాం: ఆకలి. నన్ను ఎప్పటినుంచో వెంటాడుతున్న కథ ముందు చెబుతాను. తర్వాత మీరు చెప్పాలి. నిజంగా జరిగినవే చెప్పండి, పిల్లలు చదువుతారు.

1941 సెప్టెంబర్ 8న జర్మన్ సేనలు రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరాన్ని చుట్టుముట్టాయి. ఆ ముట్టడి 1944 జనవరి 27 దాకా, 872 రోజులు సాగింది. మొదటి చలికాలమే ఘోరం. నవంబర్ 20 నుంచి ఫ్యాక్టరీ కార్మికులకు రోజుకు 250 గ్రాముల బ్రెడ్డు, మిగతావాళ్లకు 125 గ్రాములు. అందులోనూ అంతా పిండి కాదు. జనం జిగురు ఉడకబెట్టుకుని తాగారు, తోలు బెల్టులు ఉడికించుకుని తిన్నారు.

ఆ నగరం నడిబొడ్డున, సెయింట్ ఐజాక్ చౌక్ దగ్గర ఒక భవనం. అందులో వరి, గోధుమ, మొక్కజొన్న, బఠాణీ, వేరుశనగ, బంగాళాదుంప. ప్రపంచం నలుమూలల నుంచి నికొలాయ్ వవిలోవ్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం తెచ్చి దాచిన విత్తనాలు. దాదాపు రెండు లక్షల నమూనాలు. వాటికి కాపలా ఆ సంస్థలో పనిచేసే శాస్త్రవేత్తలే. వాళ్లకూ అందరికీ వచ్చే రేషనే. చుట్టూ తిండి గింజలు, మధ్యలో పస్తులు.

వరి నిపుణుడు దిమిత్రి ఇవానోవ్ ఆకలితో చనిపోయాడు. ఆయన దగ్గర వేల పొట్లాల వరి విత్తనాలు భద్రంగా ఉన్నాయి. వేరుశనగ మీద పనిచేసే అలెగ్జాండర్ షుకిన్ తన రాతబల్ల దగ్గరే ప్రాణం వదిలాడు. ఓట్స్ చూసుకునే లిలియా రోదినా కూడా పోయింది. ఇలా ఎంతమంది పోయారన్నది ఒక్కో చోట ఒక్కోలా రాశారు, తొమ్మిది మందికి తక్కువ మాత్రం కాదు. విత్తనాలు మిగిలాయి.

#2 | మెట్టరైతు

మేడమ్, ఈ కథ మొదలుపెట్టినందుకు చాలా సంతోషం. నేను వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యాను, ఇప్పుడు మూడెకరాల మెట్ట చేసుకుంటున్నాను. మా చిన్నప్పుడు ఇంట్లో ఒక మూల వేపాకు కలిపి కట్టిన మూటలు వేరేగా ఉండేవి. ఇంట్లో గింజ నిండుకున్నా మా అమ్మ పక్కింటికి వెళ్లి అప్పు తెచ్చేది గానీ ఆ మూట విప్పేది కాదు. "అది మనది కాదురా, వచ్చే ఏడాదిది" అనేది. లెనిన్‌గ్రాడ్‌లో వాళ్లు చేసింది అదే పని, ప్రపంచం మొత్తం తరఫున.

రెండు సంగతులు చేర్చాలి. బంగాళాదుంప కథ వేరు. దాన్ని గింజలా పొట్లంలో దాచలేరు, ఏటా నాటుతూ ఉండాలి. ఆ పంట నగరం బయట పావ్లోవ్స్క్ పొలాల్లో ఉంది. జర్మన్లు దగ్గరికి వచ్చేస్తుంటే, ఫిరంగి గుళ్లు పడుతుంటే, శాస్త్రవేత్తలు వెళ్లి దుంపలు తవ్వి నగరంలోకి తెచ్చుకున్నారు. తెచ్చి నేలమాళిగలో పెట్టారు. అక్కడ చలికి దుంప గడ్డకడితే చచ్చిపోతుంది. దొరికిన కట్టెముక్కనల్లా పొయ్యిలో వేసి ఆ గదిని వెచ్చగా ఉంచారు. ఒకవైపు ఎలుకలు, ఇంకోవైపు ఆకలితో ఉన్న మనుషులు. వంతులేసుకుని రాత్రీ పగలూ కాపలా కాశారు.

రెండోది, వవిలోవ్ సంగతి. ఆఫ్ఘనిస్తాన్ కొండలు, ఇథియోపియా పీఠభూమి తిరిగి గింజలు ఏరుకొచ్చిన మనిషి. పంటలు ఎక్కడ పుట్టాయో అక్కడే వాటి రకాలు ఎక్కువగా ఉంటాయని చెప్పినవాడు. లైసెంకో అనే వ్యవసాయవేత్త జన్యుశాస్త్రమే తప్పని వాదించాడు, స్టాలిన్ అతని పక్షాన నిలిచాడు. 1940 ఆగస్టులో వవిలోవ్ విత్తనాల సేకరణలో ఉండగానే అరెస్టు చేశారు. మరణశిక్ష వేశారు, తర్వాత 20 ఏళ్ల జైలుగా మార్చారు. 1943 జనవరి 26న సరతోవ్ జైల్లో చనిపోయాడు, తిండి లేక చిక్కి శల్యమై. లెనిన్‌గ్రాడ్‌లో తన మనుషులు తన విత్తనాల కోసం ఏం చేశారో ఆయనకు తెలిసే అవకాశమే లేకపోయింది. నాకు ఈ ముక్క దగ్గర ఎప్పుడూ గొంతు పట్టేస్తుంది.

#3 | నైట్‌షిఫ్ట్

చదివాక నిద్ర పట్టలేదు. ఒకటి అడగనా? తప్పుగా అనుకోకండి. వీధిలో పిల్లలు చచ్చిపోతుంటే సంచుల కొద్దీ ధాన్యం తాళం వేసి ఉంచడం న్యాయమేనా? నాకు రెండేళ్ల పాప ఉంది. నేనైతే తాళం పగలగొట్టేవాణ్ణి.

#4 | మెట్టరైతు

తమ్ముడూ, న్యాయమైన ప్రశ్న. వాళ్లలోనూ ఈ మాట రాకుండా ఉండదు. ఒక్కటే ఆలోచించు. ముట్టడి మొదలైనప్పుడు నగరంలో పాతిక లక్షల మంది ఉన్నారు. ఆ గింజలన్నీ వండినా ఊరికి పట్టుమని నాలుగు రోజులు కూడా రావు. ఆ తర్వాత కొన్ని రకాలు భూమ్మీద ఇంకెక్కడా ఉండవు. తెగులు వచ్చిన ఏడాది తట్టుకునే రకం ఏదో ముందే ఎవరూ చెప్పలేరు, అందుకే అన్నీ ఉంచుకోవాలి. ఇది బుద్ధికి తెలిసిన జవాబు. పాపను ఎత్తుకుని ఉన్న తండ్రికి ఇది సరిపోతుందా అంటే, సరిపోదు. నువ్వు తాళం పగలగొడితే నిన్ను తప్పుపట్టే మనిషిని కూడా నేను కాను.

#5 | లిఫీ_ఒడ్డు

డబ్లిన్ నుంచి. ఇక్కడికి వచ్చి ఆరేళ్లయింది. తెగులు వచ్చిన ఏడాది అన్న మాట చూడగానే రాయాలనిపించింది, ఎందుకంటే ఐర్లండ్ పాడైపోయింది సరిగ్గా అలాగే. పేదల పొలాల్లో ఎక్కడ చూసినా దాదాపు ఒకే రకం బంగాళాదుంప. 1845లో తెగులు తగిలింది, వరసగా కొన్నేళ్లు పంట కుళ్లిపోయింది. పది లక్షల మంది పోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. అదే సమయంలో ఈ దేశం నుంచి ధాన్యం, పశువులు ఎగుమతి అవుతూనే ఉన్నాయి.

నేను చెప్పాలనుకున్నది 1847 సంగతి. అమెరికాలో చోక్టా అనే ఆదివాసీ జాతి ఉంది. 1830లో వాళ్ల చేత ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని, 1831 నుంచి మిసిసిపీ ప్రాంతంలోని సొంత నేల మీంచి వెళ్లగొట్టారు. చలిలో, సరైన తిండీ బట్టా లేకుండా వందల మైళ్లు పడమటికి నడిచారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. ఆ నడకకు కన్నీటి బాట అని పేరు. ఇది జరిగి 16 ఏళ్లు. కొత్తచోట ఇంకా కుదురుకోనేలేదు. అలాంటివాళ్లు స్కలీవిల్ అనే ఊళ్లో జరిగిన సభలో, సముద్రం అవతల తాము ఎన్నడూ చూడని ఐరిష్ జనం కోసం చందా వేసుకున్నారు. 170 డాలర్లు.

కార్క్ జిల్లా మిడిల్టన్‌లో ఒక పార్కు ఉంది. అక్కడ తొమ్మిది పెద్ద ఉక్కు ఈకలు గుండ్రంగా నిలబెట్టారు, ఒక్కోటి 20 అడుగులు. గద్ద ఈకలు. పైకి ఖాళీ గిన్నెలా కనిపిస్తుంది. 2017లో చోక్టా పెద్దల్ని పిలిచి ఆవిష్కరించారు. వర్షంలో వెళ్లి చూశాను, ఆ గిన్నె మధ్యలో నిలబడితే చుట్టూ ఉన్న రోడ్డు చప్పుడు కూడా మరిచిపోయాను. 2020లో కరోనా వచ్చి అమెరికాలో నవాహో, హోపీ జాతులవాళ్లు ఇబ్బంది పడుతున్నప్పుడు, వేలమంది ఐరిష్ వాళ్లు చందాలు పంపారు. చోక్టాలు మాకు చేసింది గుర్తుందని రాసి మరీ పంపారు. మా ఆఫీసులో ఒకావిడ పంపింది. నేనూ పంపాను.

#6 | నైట్‌షిఫ్ట్

నేను ఎక్కడో 710 డాలర్లు అని చదివాను అక్కా. ఏది కరెక్ట్?

#7 | లిఫీ_ఒడ్డు

170. అంకెలు తారుమారై 710 అని చాలా చోట్ల పాకిపోయింది. గోడ పత్రికలో 170 అనే రాయండి మేడమ్. ఇంకో సంగతి. ఐర్లండ్‌కు బయటి నుంచి వచ్చిన తొలి చందాల్లో ఒకటి కలకత్తా నుంచి వచ్చింది, సుమారు 14,000 పౌండ్లు. అక్కడ సైన్యంలో, ఈస్టిండియా కంపెనీ కొలువుల్లో ఉన్న ఐరిష్ వాళ్లు ఎక్కువగా వేసుకున్నారు. టర్కీ సుల్తాన్ 1,000 పౌండ్లు పంపాడు.

#8 | సీమపిల్లోడు

అనంతపురం నుంచి రాస్తున్నా. రష్యా, ఐర్లండ్ దాకా ఎందుకు, మన కరువు ఎవరూ చెప్పలేదే అనుకుంటూ చదివాను. మా అవ్వ ఎవరైనా అన్నం పారేస్తే "ధాత కరువు చూసుంటే తెలుస్తుండె" అనేది. ఆమె కూడా చూళ్లేదు, ఆమె అవ్వ చూసింది. ధాత నామ సంవత్సరం, అంటే 1876. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు, ఇంకా మైసూరు, మద్రాసు, బొంబాయి వైపు. 1878 దాకా సాగింది. బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లోనే దాదాపు 55 లక్షల మంది పోయారని లెక్క, అంతకన్నా ఎక్కువే అనేవాళ్లు ఉన్నారు. అంత చావు మధ్యలో, 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ దర్బారు పెట్టి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించాడు.

పుస్తకాల్లో కనపడని భాగం ఇది. కరువు పనుల మీద పెత్తనానికి సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని పంపారు. ఇదే మనిషి మూడేళ్ల కిందట, 1874లో, బీహార్ కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. అక్కడ చావులు చాలా తక్కువ. అందుకు మెచ్చుకోలేదు, సర్కారు డబ్బు దుబారా చేశాడని తిట్టారు. ఆ తిట్లు తిన్నవాడు మన దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా మారిపోయాడు. రాళ్లు కొట్టే, కాలువలు తవ్వే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా అన్నాడు. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. దీనికి టెంపుల్ కూలి అని పేరే పడిపోయింది.

దీన్ని ఎదిరించింది కూడా ఒక తెల్లదొరే. మద్రాసు శానిటరీ కమిషనర్, అంటే జనం ఆరోగ్యం చూసే అధికారి, డాక్టర్ కార్నిష్. ఎండలో కష్టం చేసే మనిషికి కనీసం 680 గ్రాముల ధాన్యం, దానికి తోడు కూరగాయలు, పప్పు ఉండాలని పట్టుబట్టాడు. చివరికి మద్రాసు ప్రభుత్వం కొంచెం దిగొచ్చి 570 గ్రాముల ధాన్యం, దాంతో కాస్త పప్పు ఇచ్చింది. కార్నిష్ పేరు మన సీమలో ఒక్క బడి పిల్లోడికైనా తెలుసా? టెంపుల్ పేరూ తెలీదనుకోండి.

మద్రాసులో అడయారు, కూవం నదుల్ని కలిపే బకింగ్‌హామ్ కాలువ భాగం, సుమారు 8 కిలోమీటర్లు, ఆ కరువు పనుల్లో తవ్విందే. అప్పటి గవర్నర్ పేరు దానికి పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

#9 | లెక్కలమాస్టారు

సీమపిల్లోడు గారూ, మీ పోస్టు చదివి పెన్ను తీశాను. 100 గ్రాముల బియ్యానికి సుమారు 350 కేలరీలు. 450 గ్రాములకు 1,575.

ఈ అంకె నాకు ఎక్కడో తగిలిందే అని పాత నోట్సు వెతికాను. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. యుద్ధం అయ్యాక యూరప్‌లో ఆకలితో ఉన్న లక్షలమందికి మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడానికి. మనస్సాక్షి ఒప్పక తుపాకీ పట్టనన్న యువకుల నుంచి 36 మంది స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. ఫుట్‌బాల్ స్టేడియం కింద గదుల్లో వాళ్ల బస. ఆరు నెలలు సగం ఆకలితో ఉంచారు. రోజుకు ఎన్ని కేలరీలో తెలుసా? దాదాపు 1,570.

టెంపుల్ కూలి, మిన్నెసోటా పస్తు, రెండూ ఒకటే.

ఆరు నెలల్లో వాళ్లు నాలుగో వంతు బరువు తగ్గారు. కాళ్లు వాచాయి, వేసవిలోనూ చలేసింది. తిండి తప్ప ఇంకో ధ్యాస లేదు. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని గంటల తరబడి చదివేవాళ్లు. ఒకతను గొడ్డలితో తన వేళ్లే నరుక్కున్నాడు. కావాలని చేశాడా, ప్రమాదమా అన్నది అతనే చెప్పలేకపోయాడు. వాళ్లంతా బాగా తిన్న ఆరోగ్యవంతులు, నెత్తిన కప్పు ఉంది, డాక్టర్లు పక్కనే ఉన్నారు, ఎప్పుడు ముగుస్తుందో తెలుసు. మన వాళ్లు ఆ కూలికి చేరేసరికే డొక్కలు ఎండిపోయి ఉన్నారు, ఆ తిండితో ఎండలో రాళ్లు కొట్టాలి.

#10 | నైట్‌షిఫ్ట్

మాస్టారూ, అణా కూడా ఇచ్చారు కదా. అది లెక్కలోకి రాదా?

#11 | లెక్కలమాస్టారు

మంచి మాట. వస్తుంది. కాబట్టి రెండూ అచ్చంగా సమానమని రాయకూడదు, నేను తొందరపడ్డాను. కానీ ఆ అణాతోనే ఉప్పు, కట్టెలు, కూర. కరువు ధరల్లో. ఇంట్లో పని చేయలేని ముసలివాళ్లుంటే వాళ్ల గంజి కూడా ఆ గుప్పెడు ధాన్యంలోంచే తీయాలి. మిన్నెసోటాలో ఎవరి కంచం వాళ్లదే.

ఇంకొకటి క్లుప్తంగా. 1942లో పోలండ్‌లోని వార్సా ఘెట్టోలో, అంటే యూదుల్ని బంధించి ఉంచిన పేటలో, నాజీలు వాళ్లను ఆకలితో మాడ్చి చంపుతుంటే, అక్కడి యూదు డాక్టర్లు, తామూ ఆకలితో ఉంటూనే, ఆకలి శరీరాన్ని ఏం చేస్తుందో రహస్యంగా పరిశోధించి రాశారు. ఆ జులైలో జనాన్ని మరణ శిబిరాలకు తరలించడం మొదలుకాగానే పని ఆగిపోయింది. రాసిన కాగితాల్ని ఘెట్టో బయటికి చేర్చారు, 1946లో పుస్తకంగా అచ్చయింది. రాసినవాళ్లలో చాలామంది అప్పటికి లేరు. ఇది పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది టీచరమ్మ గారే తేల్చుకోవాలి.

#12 | మందులషాపు

భీమవరంలో మెడికల్ షాపు మాది. నా వంతుగా ఆకలి కథే, కానీ కాస్త వెలుతురు ఉన్నది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. కలిగినవాళ్ల ఇళ్లలో ఈ జబ్బు అంతగా లేదు. ఆమె వాళ్ల కంచాల్లోకి చూసింది. ఏం తింటున్నారో రాసుకుంది, కోతుల మీద ప్రయోగాలు చేసింది, చివరికి మార్మైట్ అనే చవకరకం ఈస్ట్ సారం ఇస్తే జబ్బు తగ్గుతోందని పట్టుకుంది. 1931లో ప్రచురించింది. అందులో ఉన్న పదార్థం ఏమిటో తెలీక చాన్నాళ్లు విల్స్ ఫ్యాక్టర్ అనేవాళ్లు. 1941లో టెక్సస్‌లో నాలుగు టన్నుల పాలకూర లోంచి కాస్తంత తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. ఫోలియం అంటే లాటిన్‌లో ఆకు.

అంత ఆకుకూర లోంచి అంత తక్కువ వస్తే మందు ఎవరికి అందుతుంది? దాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది 1945లో, న్యూయార్క్ దగ్గర లెడర్లీ కంపెనీలో, మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. ఆయన అన్న, తమ్ముడు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక మనిషి ఎండిపోయే జబ్బు అది. ఫోలిక్ యాసిడ్ పనిచేసే జబ్బుల్లో అదీ ఒకటి. తన ఇంట్లో ఇద్దర్ని తీసుకుపోయిన జబ్బుకు మందు తన చేతుల మీదుగా వచ్చింది. 1948లో, 53 ఏళ్లకే ఆయన పోయారు.

ఇవాళ గర్భిణులకు ఆశా వర్కర్లు ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. నేను ఆ మాత్ర అమ్మినప్పుడల్లా ఇద్దర్నీ తలుచుకుంటాను. సుబ్బారావు గారి గురించి మా ఊళ్లో కొంతమందికైనా తెలుసు. లూసీ విల్స్ పేరు నేను చెప్పేదాకా మా ఇంట్లోనూ ఎవరికీ తెలీదు.

#13 | సీమపిల్లోడు

మాస్టారూ, ఆ లెక్క మా పిల్లలకు చూపించా. మా పెద్దోడు కాటా తెచ్చి 450 గ్రాముల బియ్యం తూచాడు. చూడ్డానికి బాగానే ఉన్నాయే అన్నాడు. దాన్ని మూడు పూటలకు పంచి, కూర లేదు, మజ్జిగ లేదు, పొద్దుగూకే దాకా గడ్డపార పట్టాలి అని చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ బియ్యం డబ్బాలో పోసేటప్పుడు కింద పడిన గింజలు ఏరి వేశాడు. మా అవ్వ గుర్తొచ్చింది.

#14 | గోదారి_టీచరమ్మ

అందరికీ చేతులెత్తి దండం. గోడ పత్రిక నిన్న పెట్టాం. నాలుగు చార్టులు. లెనిన్‌గ్రాడ్, చోక్టా చందా, కార్నిష్ డాక్టర్ ఒక్కోటి; లూసీ విల్స్, సుబ్బారావు గారు ఇద్దరికీ కలిపి ఒకటి. వార్సా డాక్టర్ల కథ చార్టు మీద రాయలేదు, క్లాసులో కూర్చోబెట్టి నోటితో చెప్పాను. అది అలా చెప్పడమే సరైనదనిపించింది.

నైట్‌షిఫ్ట్ గారూ, మీరు అడిగిన ప్రశ్నే మా క్లాసులో మొదట వచ్చింది. సగం మంది తాళం పగలగొట్టాలన్నారు, సగం మంది వద్దన్నారు. గంట కొట్టినా కదల్లేదు. మెట్టరైతు గారి అమ్మ మాట, "వచ్చే ఏడాదిది" అన్నది, ఒకమ్మాయి చార్టు కింద పెద్ద అక్షరాలతో రాసింది.

చివరి బెంచీ కుర్రాడు ఒకడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, లేచి అడిగాడు: "ఆ ఇవానోవ్ సార్ వరి గింజలు మళ్లీ ఎవరైనా నాటారా టీచర్?" ఆ సంస్థ ఇప్పటికీ అదే చౌక్‌లో, వవిలోవ్ పేరుతోనే ఉందని, విత్తనం నిలవుండాలంటే అప్పుడప్పుడూ నాటి కొత్త గింజ తీసుకోవాల్సిందేనని చెప్పాను. వాళ్ల నాన్న కౌలు రైతు. ఇవాళ పొద్దున వాడు ఒక చిన్న కాగితం పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పైన పెన్సిల్‌తో వరి రకం పేరు, ఏడాది, వాళ్ల నాన్న పేరు.

మెట్టరైతు గారూ, వేపాకు ఎంత కలపాలో చెప్పండి. ఇంకో పదకొండు మంది తెస్తామన్నారు.

#15 | మెట్టరైతు

ముందు నీడలో బాగా ఆరబెట్టండి తల్లీ. గింజ కొరికితే టక్‌మని విరగాలి, అప్పుడే కట్టాలి. ఎండిన వేపాకు గుప్పెడు చాలు. తడి తగలకుండా సీసాలో పెట్టి మూత బిగించండి. శనివారం నేనే వస్తాను, మీ బడి ఏ ఊరో మెసేజ్ పెట్టండి.